కోర్టు లేచేదాకా

మా ఆయన తాగి స్కూటర్ నడుపుతూ పోలీసులకు దొరికిన సంగతి నాకంటే ముందు మా చెల్లికి తెలిసింది. ఆయన దొరికినందుకు పడ్డ బాధ కొన్నాళ్ళకు తగ్గింది. ముందు దానికి తెలిసినందుకు పుట్టిన మంట మాత్రం చాలాకాలం తగ్గలేదు.

మద్యనిషేధం ఎత్తేసి రెండు మూడేళ్ళయిన రోజులవి. మేం భవానీపురంలో చిన్న వాటాలో ఉండేవాళ్ళం. నేను మిషన్ వాళ్ళ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఆయన కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో మెకానిక్. పొద్దున్నే టిఫిన్ క్యారేజీ తగిలించుకుని స్కూటర్ మీద వెళ్ళి, సాయంత్రం దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు. ఆదివారం ఇద్దరం చర్చికి, మా మాటలో గుడికి, వెళ్ళేవాళ్ళం. బయటివాళ్ళు చూస్తే మాకేం లోటు లేదనే అనుకునేవాళ్ళు.

ఆయన తాగుబోతు కాదు. నెలకోసారో రెండుసార్లో తాగి వచ్చేవాడు. వచ్చిన రోజు గుమ్మంలోనే తెలిసిపోయేది. ముఖం పక్కకు తిప్పుకుని, సోంపు నములుతూ, నా పక్కనుంచి జారుకుని తిన్నగా స్నానాలగదిలోకి వెళ్ళేవాడు. నేను కావాలనే తువ్వాలు ఇవ్వడానికన్నట్టు దగ్గరకు వెళ్ళి గాలి పీల్చేదాన్ని. తర్వాత ఒక్క మాట కూడా అనేదాన్ని కాదు. కంచం కాస్త చప్పుడయ్యేలా పెట్టేదాన్ని. ఆయన తలొంచుకుని తినేవాడు. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. తాగుడు గురించి మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణ అంతా అదే.

మా చెల్లి నాకంటే బాగా చిన్నది. నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉండగానే నాన్న పోయారు. వెంటనే ఉద్యోగంలో చేరాను. దాన్ని లా చదివిస్తానంటే అమ్మ వద్దంది, నేనే పట్టుబట్టాను. చదివింది. గవర్నర్‌పేటలో ఒక పెద్ద లాయరుగారి దగ్గర జూనియర్‌గా చేరింది. మొదట్లో దాని నల్లకోటు చూస్తే నాకే కడుపు నిండినట్టుండేది. తర్వాత్తర్వాత అమ్మ పటమటలో ఎవరు కనిపించినా "మా లాయరమ్మ" అని మొదలెట్టేది. గుళ్ళో నన్ను పరిచయం చేసేటప్పుడు కూడా "ఈవిడ లాయరమ్మగారి అక్కండి" అనడం మొదలైంది. నేను నవ్వేదాన్ని. లోపల మాత్రం ఏదో చురుక్కుమనేది.

మా ఆయనకీ దానికీ ముందునుంచీ బాగా పడేది. బావామరదళ్ళ వేళాకోళాలు ఎక్కడైనా ఉండేవే. కానీ నాతో పొదుపుగా మాట్లాడే మనిషి, అది వస్తే చాలు, నోరంతా తెరిచి నవ్వేవాడు. బాయిలర్ దగ్గర ఎవడు ఏమన్నాడో, వాళ్ళ ఇంజనీరు ఎలా నడుస్తాడో యాక్షన్ చేసి మరీ చూపించేవాడు. ఆ ఇంజనీరు నడక నేను మొదటిసారి చూసింది దానికి చూపిస్తున్నప్పుడే, అదీ వంటింటి గుమ్మంలోంచి.

ఆ రోజు దీపాలు పెట్టి చాలాసేపయింది. పక్కవాటా ఆవిడ ఫోనొచ్చిందని పిలిచింది. మా చెల్లి.

"అక్కా, కంగారు పడకు. బావ స్టేషన్‌లో ఉన్నారు. నేనూ ఇక్కడే ఉన్నాను."

విజయవాడలో పుట్టి పెరిగినదాన్ని. స్టేషన్ అంటే నాకు రైలే గుర్తొచ్చింది.

"స్టేషన్‌కెందుకెళ్ళారే? ఎవరొస్తున్నారు?"

"పోలీస్ స్టేషనక్కా. తాగి బండి నడిపారని పట్టుకున్నారు. దెబ్బలేం తగల్లేదు. బెయిలు మీద పంపించేస్తారు, నేను తీసుకొస్తాను."

"నీకెలా తెలిసింది?"

"బావే ఫోన్ చేశారు."

ఫోన్ పెట్టేశాక పక్కవాటా ఆవిడ "ఏమైందండీ, అంతా బానే ఉందా?" అని అడిగింది. బానే ఉందండీ అని చెప్పి వచ్చి మంచం మీద కూర్చున్నాను. పోలీసులు, కేసు, పరువు, ఇవేవీ నాకు అప్పుడు తట్టలేదు. పక్కవాటా నంబరు ఆయనకు కంఠతా వచ్చు. అయినా దానికి చేశాడు.

ఇద్దరూ ఆటోలో వచ్చారు. స్కూటర్ పోలీసుల దగ్గరే ఉండిపోయింది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు. జరిగింది చెప్పిందంతా మా చెల్లే. దారిలో పోలీసులు ఖాళీ డ్రమ్ములు అడ్డంపెట్టి బళ్ళు ఆపుతున్నారు. ఈయన ఆపబోయి నేరుగా ఒక డ్రమ్ముకి గుద్దాడు. హెడ్‌లైటు పగిలింది. కానిస్టేబులు దగ్గరకొచ్చి నోరు తెరవమన్నాడు. అక్కణ్ణుంచి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు చూసి తాగి ఉన్నాడని సర్టిఫికెట్ రాసిచ్చాడు.

"భోంచేసి వెళ్ళవే" అన్నాను దాంతో.

"వద్దక్కా, అమ్మ ఎదురుచూస్తూంటుంది." ఆయనవైపు తిరిగి, "బావా, రేపు సాయంత్రం ఆఫీసుకు రండి. వివరంగా మాట్లాడుకోవాలి. అప్పటిదాకా ఎవరితోనూ ఏమీ అనకండి" అంది.

అది వెళ్ళాక ఆయన నావైపు చూశాడు. నేను అన్నం వడ్డించాను. కాసేపటికి, "మీ చెల్లెలు చెప్పిందిగా అంతా" అన్నాడు.

"చెప్పింది" అన్నాను. అంతే.

మర్నాడు నేనూ వెళ్ళాను. గవర్నర్‌పేటలో బట్టల హోల్‌సేల్ కొట్టు మీద మేడ, ఇరుకు మెట్లు. పెద్ద లాయరుగారు ఊళ్ళో లేరు. మా చెల్లి బల్ల వెనక కూర్చుని ఫైలు తెరిచింది. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. నేను పక్క కుర్చీ లాక్కోబోతుంటే అంది:

"అక్కా, నువ్వు కాసేపు బయట కూర్చో."

"నేనా?"

"క్లయింటుతో విడిగా మాట్లాడాలక్కా. ఎవరొచ్చినా ఇంతే. ఏమీ అనుకోకు."

నేను తల దువ్వి జడలు వేసి బడికి పంపిన పిల్ల నన్ను గదిలోంచి బయటికి పంపింది. ఆయన వద్దనలేదు. కనీసం నా వంక చూడనైనా లేదు.

మెట్ల దగ్గర బల్ల మీద కూర్చున్నాను. కింద కొట్లోంచి కూలీలు బట్టల మూటలు మోసుకుంటూ పైగదికి చేరుస్తున్నారు. నేను మాటిమాటికీ కాళ్ళు ముడుచుకోవాల్సి వస్తోంది. ఆ గదికి సగం రెక్కల తలుపు. కింద ఖాళీలోంచి ఆయన పాదాలు కనిపిస్తున్నాయి. మాటలు అర్థం కావట్లేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది. ఆయన గొంతే. ఆగకుండా, తొందరపడకుండా, మధ్యలో కాస్త తగ్గి, మళ్ళీ అందుకుని మాట్లాడుతూనే ఉన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. కాసేపటికి ఒక కాలు చెప్పులోంచి బయటికొచ్చి రెండో కాలి మీద పడింది. మా ఇంట్లో ఆయన అలా కూర్చోడు.

బయటికొచ్చేసరికి ఆయన ముఖం తేలికగా ఉంది. "కాఫీ తాగుదామా?" అన్నాడు మెట్లు దిగుతూ. తలనొప్పిగా ఉందన్నాను. నిజంగానే వచ్చింది.

ఆ ఆదివారం గుళ్ళో బల్ల, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. అందరూ లేచి ముందుకు వెళ్తుంటే ఆయన కదల్లేదు. మగవాళ్ళ వైపు బెంచీలో ఒక్కడే తలొంచుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి తీసుకుని వస్తూ చూశాను. మధ్యాహ్నం అమ్మ వాళ్ళింటికి భోజనానికి వెళ్తే మా చెల్లి మెల్లగా అడిగింది. "బావ ఇవాళ బల్ల తీసుకోలేదు కదూ?" అది ఆ రోజు జలుబని గుడికే రాలేదు.

"నీకెవరు చెప్పారు?"

"తీసుకోనని మొన్నే అన్నారు. కేసు తేలేదాకా తీసుకోరట."

వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగేశాను. "ఆ రోజు అంతసేపు ఏం చెప్పాడే నీకు?"

"చెప్పకూడదక్కా."

"నేను పెళ్ళాన్నే."

"అయినా సరే."

"ఎక్కడ తాగాడు? ఎవరితో?"

"ఆయన్నే అడుగు."

అమ్మ పప్పు తిరగమోత పెడుతూ, "దాని వృత్తి ధర్మం దానికుంటుంది, నువ్వెందుకే సాధిస్తావు?" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

భోజనాలయ్యాక మా చెల్లి వరండాలో కూర్చుని కేసు సంగతి అందరికీ వివరించింది. మొదటిసారి కాబట్టి ఆరు నెలల దాకా జైలు, లేకపోతే జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. మూడేళ్ళలోపు మళ్ళీ దొరికితే రెండేళ్ళ దాకా వేయొచ్చు. లైసెన్సు కూడా ఆపేయొచ్చు. మామూలుగా అందరూ మొదటి రోజే నేరం ఒప్పుకుని, జరిమానా కట్టి, మధ్యాహ్నానికల్లా ఇంటికి పోతారు. వాళ్ళ సీనియర్ కూడా అదే చేయమన్నారట.

"కానీ ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే. ఉద్యోగంలో మెమో ఇస్తారు. అందుకని పోరాడదాం అంటున్నాను" అంది. "చట్టంలో ఏముందంటే, రక్తంలో ఇంత మద్యం దాటి ఉండాలని లెక్క ఉంది. దాన్ని ఊదే మిషన్‌తో కొలవాలి. వీళ్ళు మిషన్ పెట్టలేదు. రక్తమూ తీయలేదు. డాక్టరు వాసన చూసి రాసేశాడు. వాసన లెక్క కాదు బావా."

"మరి నేను తాగిన మాట నిజమే కదా" అన్నాడాయన.

"మీరు తాగారా లేదా అని కాదు. వాళ్ళు రుజువు చేయగలరా లేదా అని."

"మరదలు ఎలా అంటే అలా" అన్నాడాయన. నన్ను ఎవరూ అడగలేదు.

వాయిదాలు మొదలయ్యాయి. ఆయన షిఫ్టు మార్చుకుని కోర్టుకు వెళ్ళేవాడు. నేను బళ్ళో ఎక్కాలు చెప్పిస్తూ, ఈపాటికి ఇద్దరూ కోర్టు ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి ఉంటారని ఊహించుకునేదాన్ని. సాయంత్రం ఆయన ఉత్సాహంగా వచ్చేవాడు. "ఇవాళ ఎస్సై సాక్ష్యం. మరదలు అడిగిన దానికి నీళ్ళు నమిలాడు." "మరదలు ఏమందంటే..." అన్నీ ఆ మాటతోనే మొదలయ్యేవి. నేను "ఊఁ" అనేదాన్ని.

చెడ్డ అనుమానం నాకు ఎప్పుడూ రాలేదు. అది నా చెల్లెలు, ఆయన అలాంటివాడు కాదు. అలాంటిదేదైనా ఉంటే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని, ఊరంతా నా పక్షానే ఉండేది. నాకున్న కష్టం ఎవరికీ చెప్పుకునేది కాదు. మా ఆయన దాంతో మాట్లాడుతున్నాడని ఏడుస్తున్నానంటే ఎవరైనా నవ్వుతారు.

డాక్టరు సాక్ష్యం రోజు సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. కోర్టు హాలు నిండా జనం. ఆయన బోనులో నిలబడ్డాడు. డాక్టరు కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు. మా చెల్లి లేచి కోటు సర్దుకుంది.

"డాక్టరుగారూ, మీరు రక్తం తీశారా?"

"లేదండి."

"ఊదించే మిషన్ వాడారా?"

"మా దగ్గర లేదండి."

"మరి తాగారని ఎలా తేల్చారు?"

"వాసన వచ్చిందండి."

"ఎంత తాగితే ఎంత వాసన వస్తుందో చెప్పగలరా?"

"చెప్పలేనండి."

"మనిషి తూలుతున్నాడా?"

డాక్టరు కాగితం చూసుకున్నాడు. "నడక మామూలుగానే ఉందని రాశానండి."

"దగ్గుకి తాగే ఆయుర్వేదం అరిష్టాల్లో కూడా మద్యం ఉంటుంది. అలాంటిది తాగినా ఇలాంటి వాసన వస్తుందా, రాదా?"

"రావచ్చండి."

హాల్లో ఎవరో "భలే" అన్నారు. నేను మా చెల్లిని చూడటం మానేసి బోనులో ఉన్న మనిషిని చూశాను. గడ్డం కాస్త పైకెత్తి, కళ్ళార్పకుండా దాన్నే చూస్తున్నాడు. ముద్దాయిలా లేడు. పిల్ల బహుమతి అందుకుంటుంటే చూస్తున్న తండ్రిలా ఉన్నాడు. నావైపు ఎవరైనా ఎప్పుడైనా అలా చూశారా అని వెతుక్కున్నాను. గుర్తు రాలేదు. అది ఓడిపోతే బావుణ్ణని ఆ క్షణంలో అనిపించింది. అది ఓడిపోతే శిక్ష పడేది నా మొగుడికన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు సాయంత్రం మా చెల్లి ఒంటరిగా మా బడికి వచ్చింది. పిల్లలు వెళ్ళిపోయారు. చిన్న బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని అడిగింది.

"అక్కా, ఆ వారం బావకి దగ్గు ఉందా?"

"ఉంది. బాగా ఉంది."

"మందేమైనా ఇచ్చావా?"

"వన్‌టౌన్ నుంచి అరిష్టం తెప్పించాను. రోజూ పొద్దున నేనే గ్లాసులో పోసి ఇచ్చాను. ఆ రోజు కూడా."

అది నా చేయి పట్టుకుంది. "ఆ మాట కోర్టులో చెప్తావా? అబద్ధమేం వద్దు. మందు పోశానని చెప్పు చాలు. కేసు కొట్టేస్తారు. నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేరక్కా."

నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఆ మాటకి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇన్ని నెలల తర్వాత ఆ కేసులో నాకూ చోటు దొరికింది, అదీ దానికి వీల్లేని చోటు. నల్లకోటు ఉంటే ఏం, ఆయనకు మందు పోసింది నేను.

"అవతలి లాయరు ఏమైనా అడుగుతాడా?" అన్నాను.

"అడుగుతాడు. తాగే అలవాటుందా, ఆ రోజు ఇంటికొచ్చాక ఎలా ఉన్నాడు, అలాంటివి. తెలిసింది చెప్పు, భయపడకు."

"మీ బావకి చెప్పావా?"

"ఇంకా లేదు. నువ్వే చెప్పు."

వాయిదా రోజు పొద్దున కాఫీ ఇస్తూ చెప్పాను. ఇవాళ నేనూ సాక్షిని అని. ఆయన గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి దింపేశాడు. "ఎవరు పెట్టారు ఈ ఏర్పాటు?" అన్నాడు. "మీ మరదలే" అన్నాను. గ్లాసు అక్కడే పెట్టేసి చొక్కా వేసుకోవడానికి లేచాడు. నేను తెల్లటి నేతచీర, సన్నటి అంచుది, ముందురోజే ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. గాజులు తక్కువ వేసుకున్నాను. దేవుని ఎదుట నిజమే చెప్తానని ప్రమాణం చేయాలని మా చెల్లి చెప్పింది. అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుని ఆ మాట అని చూసుకున్నాను.

కోర్టులో మా కేసు పిలిచారు. మా చెల్లి లేచి, ముద్దాయి తరఫున ఒక సాక్షి ఉన్నారని చెప్పింది. నేను కొంగు సర్దుకుని లేచాను. అప్పుడే బోనులోంచి ఆయన చెయ్యెత్తాడు.

"అయ్యా, ఒక్క మాటండి."

మెజిస్ట్రేటుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "మీ లాయరుగారున్నారుగా. ఆవిడ చెప్తారు."

"ఆవిడ చెప్పేది వేరండి."

"బావా, ఆగండి!" అంది మా చెల్లి. అని నాలుక్కరుచుకుంది. హాలంతా గొల్లున నవ్వింది. మెజిస్ట్రేటుగారు కూడా నవ్వాపుకున్నారు.

ఆయన మాత్రం నవ్వలేదు. "నేను తాగానండి. తాగే బండి నడిపాను. ఒప్పుకుంటున్నాను."

"ఇన్నాళ్ళూ కాదన్నారుగా?"

"అవునండి. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను."

"ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదండి."

"శిక్ష పడుతుందని తెలుసా?"

"తెలుసండి. లాయరుగారు మొదటి రోజే చెప్పారు."

మెజిస్ట్రేటుగారు కాసేపు రాసుకున్నారు. జరిమానా వేశారు. ఆరు నెలలు లైసెన్సు ఆపమన్నారు. దాంతోపాటు కోర్టు లేచేదాకా నిర్బంధం. అంటే ఆ పూట కోర్టు ముగిసి మెజిస్ట్రేటుగారు లేచి వెళ్ళేదాకా మా ఆయన ఆ హాల్లోనే కూర్చోవాలి. మా చెల్లి కాగితాలు దొరికినవి దొరికినట్టు ఫైల్లో కుక్కుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. దాని ముఖం పాలిపోయి ఉంది. దాన్ని అలా చూస్తే సంతోషం కలగాలి కదా, కలిగింది కూడా. కానీ దాని వెనకే నాకు ఒళ్ళు మండింది. ఇస్త్రీ చీర కట్టుకుని, ప్రమాణం నోటికి తెచ్చుకుని, పదిమందిలో లేచి నిలబడ్డ నన్ను ఒక్క మాటతో కూర్చోబెట్టేశాడు.

ఆయన్ని వెనక గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చోబెట్టారు. పక్కన ఒక కానిస్టేబులు. నేను ఇంటికి పోవచ్చు. పోలేదు. వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

వేరే కేసులు నడుస్తున్నాయి. ఎవరివో సైకిళ్ళ దొంగతనం, ఎవరిదో పేకాట. చాలాసేపటికి నేనే గొంతు తగ్గించి అడిగాను.

"ఎందుకలా చేశారు?"

"ఆ లాయరు నిన్ను అడుగుతాడు. మీ ఆయన ఇంటికి ఎలా వస్తాడమ్మా, ఎన్నిసార్లు తాగొచ్చాడు, వస్తే నువ్వేం చేస్తావు అని. నువ్వు అబద్ధం చెప్పవు."

"చెప్పను."

"అందరి ముందూ నీ నోటితో అది వినలేను. జైల్లో పెట్టినా సరే అనుకున్నాను."

"మరి దానికైతే అంతా చెప్పారుగా! నన్ను మెట్ల దగ్గర కూర్చోబెట్టి, అంతసేపు ఏం చెప్పారు?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. ఇన్నాళ్ళూ నేను దాని గురించే ఆలోచిస్తున్నానని ఆయనకు తెలిసినట్టు లేదు. తర్వాత చెప్పాడు. వాళ్ళ సెక్షన్‌లో ఒక ముసలాయన రిటైరయ్యాడు. మధ్యాహ్నం సన్మానం అయ్యాక క్వార్టర్స్ వెనక చెట్ల కింద కూర్చుని తాగారు. ఆ ముసలాయన ఏడ్చాడు. ఈయనా రెండు గ్లాసులు ఎక్కువ తాగాడు. స్నేహితులు స్కూటర్ అక్కడే పెట్టి బస్సెక్కమన్నారు.

"ఎక్కాల్సింది" అన్నాను.

"బస్సులో వస్తే నీకు తెలిసిపోతుందని. స్కూటరేదీ అని అడుగుతావు. రోజూ వచ్చే వేళకి, రోజూ వచ్చినట్టే వస్తే..." మిగతాది మింగేశాడు.

"ఇంతేనా చెప్పింది?"

"ఇంకా చెప్పాను. పని గురించి. మా నాన్న గురించి. ఆయన కూడా అలాగే..." ఆయన చేతులు చూసుకున్నాడు. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఆయన తాగేవారని నాకు ఎవరూ చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడూ అడగలేదు" అన్నాడు. కోపంగా కాదు. "వాసన చూసేదానివి."

నేనేదో అనబోయాను. కానిస్టేబులు వంగి, "అమ్మా, కోర్టులో మాట్లాడకూడదండి" అన్నాడు. ఇద్దరం నోరు మూసుకున్నాం. ఆ సాయంత్రం దాకా అలా పక్కపక్కన కూర్చున్నాం. ఫ్యాను తిరుగుతోంది, టైపు మిషన్ కొడుతోంది. నాకు చెప్పాలని చాలా ఉంది, తిట్టాలనీ ఉంది. వీల్లేదు. కాసేపటికి ఆయన ఒక కాలు చెప్పులోంచి తీసి రెండో కాలి మీద వేసుకున్నాడు. చివరికి మెజిస్ట్రేటుగారు లేచారు. అందరూ లేచి నిలబడ్డారు. కానిస్టేబులు "వెళ్ళొచ్చండి" అన్నాడు.

బయట ఏలూరు రోడ్డు మీద బస్సుకోసం నిలబడితే ఆయన మళ్ళీ కాఫీ తాగుదామా అన్నాడు. తాగాం.

ఆఫీసులో మెమో ఇచ్చారు, జవాబు రాసుకున్నాడు, మందలించి వదిలేశారు. ఆరు నెలలు బస్సులో తిరిగాడు. మా చెల్లి నాతోనూ ఆయనతోనూ మాట్లాడటం మానేసింది. మొదటిసారి సొంతంగా నడిపిన కేసు గెలవబోతుంటే గంగలో కలిపాడని అమ్మ దగ్గర ఏడ్చిందట. నిజం చెప్పొద్దూ, ఆ రోజులు నాకు హాయిగా గడిచాయి. నేను కూడా అడగడం నేర్చుకున్నాను. మొదట్లో పోలీసులు అడిగినట్టే అడిగేదాన్ని. ఆయన ముడుచుకుపోయేవాడు. తర్వాత్తర్వాత వాళ్ళ నాన్న గురించి కొంచెం, పని గురించి కొంచెం చెప్పేవాడు. మరీ ఎక్కువేం కాదు. మొదటి రోజు ఆ గదిలోంచి విన్న ప్రవాహం మా ఇంట్లో ఎప్పుడూ పారలేదు.

ఒక ఆదివారం గుడి అయ్యాక మా చెల్లి నవ్వుతూ వచ్చి ఆయన పక్కన నిలబడింది. నేను తెల్లబోయాను. తీరా చూస్తే అంతకు వారం ముందే ఈయన గవర్నర్‌పేట వెళ్ళి దానికి క్షమాపణ చెప్పి, ఇద్దరూ కలిసి ఇడ్లీలు తిని, రాజీ అయిపోయారు. ఆ సంగతి కూడా నాకు చెప్పింది మా చెల్లే, ఆయన కాదు. మళ్ళీ మొదటికే వచ్చిందనుకున్నాను.

తర్వాతి సంవత్సరాల్లో ఊళ్ళో ఊదే మిషన్లు వచ్చాయి. మా చెల్లికి సొంత ఆఫీసు వచ్చింది, అలాంటి కేసులు చాలా వచ్చాయి. పెళ్ళి చేసుకుంది. ఇప్పటికీ వాళ్ళిద్దరూ ముందుగదిలో నవ్వుకుంటుంటే, నా చేతిలో గరిటె కాస్త గట్టిగానే తిరుగుతుంది.

ఒక్క సాయంత్రం సంగతి చెప్పి ఆపుతాను. అప్పటికి మా ఇంట్లోనే ఫోన్ ఉంది. పొద్దు గూకుతుండగా మోగింది. ఆయన కొండపల్లిలో టెలిఫోన్ బూత్ నుంచి.

"ఇదిగో, ఇవాళ ఇక్కడ ఒక పెళ్ళి మాటలు. రెండు గ్లాసులు తాగాను. బండి ఇక్కడే పెట్టేశాను. బస్సులో వస్తున్నాను, కాస్త ఆలస్యమవుతుంది."

"సరే. ఎవరి పెళ్ళి?" అన్నాను. చెప్పాడు. బూత్ వాడి మీటరు తిరుగుతున్నా ఆగకుండా పెళ్ళికొడుకు చుట్టరికం, మేనమామల గొడవ అంతా చెప్పాడు.

మర్నాడు బడి అవగానే ఎక్కడా ఆగకుండా మా చెల్లి ఆఫీసుకు వెళ్ళాను. ఎవరో క్లయింటు ఉంటే పంపించేదాకా నిలబడి, తలుపు దగ్గరకు వేసి, మొత్తం వివరంగా చెప్పాను. ఎంత తాగింది, ఎక్కడ తాగింది, బండి ఎక్కడ పెట్టింది, ముందు నాకే ఫోన్ చేసింది.

"ముందు నాకే చెప్పారు" అని మళ్ళీ అన్నాను.

అది ఫైలు తిప్పుతూ, "చెప్తే చెప్పారులే అక్కా. ఇందులో కేసేమీ లేదుగా" అంది.

దాన్ని నాలుగు తిట్టి, మెట్లు దిగి, బస్సెక్కి ఇంటికొచ్చాను.